పాత రెక్కలకు కొత్త ఇంజన్

యుద్ధరంగంలోకి దిగిన తొలి జెట్ ఫైటర్ జర్మనీవారి మెసర్‌ష్మిట్ మీ 262. కేవలం జెట్ ఇంజన్లతో అది మొదటిసారి ఎగిరింది 1942 జులై 18న, లైప్‌హైమ్‌లో. 1944లో యుద్ధంలోకి వచ్చింది. సుమారు 1,400 విమానాలు తయారయ్యాయి.

దాని బలం, బలహీనత రెండూ రెక్కల కింద వేలాడే జంట జూమో 004 ఇంజన్లే. ఒక్కొక్కటి దాదాపు 720 కిలోల బరువు, సుమారు 900 కిలోల థ్రస్ట్ (ముందుకు తోసే బలం). నికెల్, క్రోమియం దొరకని యుద్ధకాలం కావడంతో దహన గదులను మామూలు ఉక్కుతో చేసి పైన అల్యూమినియం పూత పూశారు. అందుకే ఒక ఇంజన్ పాతిక గంటలు నడిస్తే గొప్ప. పైలట్ థ్రాటిల్‌ను నెమ్మదిగా, ఓపికగా జరపాలి. తొందరపడితే మంట ఆరిపోయేది, లేదా టర్బైన్ కాలిపోయేది.

జెట్ ఇంజన్ కథ సగం లోహాల కథే. హైదరాబాద్‌లోని నారాయణగూడ నుంచి చాదర్‌ఘాట్ మీదుగా మూసీ దాటి దక్షిణంగా పోతే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడి రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్‌ఎల్) నికెల్ మిశ్రమలోహంతో, బ్లేడు మొత్తం ఒకే స్ఫటికంగా ఉండేలా టర్బైన్ బ్లేడ్లు పోత పోస్తుంది. అలాంటి 60 బ్లేడ్లను హెలికాప్టర్ ఇంజన్ కోసం విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందించినట్లు 2021లో ప్రకటించారు. జూమో రూపకర్తలకు అందని ద్రాక్ష సరిగ్గా ఈ లోహమే.

మీ 262ను మళ్లీ ఎగిరించాలన్న ప్రయత్నం 1993లో అమెరికాలోని టెక్సస్‌లో మొదలైంది. విల్లో గ్రోవ్ నౌకాదళ స్థావరంలో ఎండకూ వానకూ నిలిచిన అసలు విమానాన్ని తెచ్చి, విడదీసి, ప్రతి భాగాన్నీ కొలిచి కొత్తవి చేశారు. అసలుదాన్ని బాగుచేసి తిరిగి అప్పగించారు. పని తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌కు మారింది.

పాత ఇంజన్ను మాత్రం ఎవరూ కోరుకోలేదు. జనరల్ ఎలక్ట్రిక్ వారి సీజే610ను ఎంచుకున్నారు. తొలి లియర్‌జెట్‌లను నడిపింది ఇదే. దీని సైనిక రూపం జే85. బరువు సుమారు 180 కిలోలు, థ్రస్ట్ దాదాపు 1,300 కిలోలు. చూడ్డానికి వరంలా ఉంది గానీ, చిక్కంతా ఆ తేలికదనంలోనే ఉంది.

ఎడ్లబండిలో వడ్ల బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకు వేస్తే ఎడ్ల మెడలు ఒరుసుకుపోతాయి. విమానమూ అంతే. పైగా మీ 262 రెక్కలు వెనక్కి వాలి ఉండటానికి మొదటి కారణం వేగం కాదు. జూమోలు అనుకున్నదానికంటే బరువెక్కడంతో తప్పిన తూకాన్ని సరిచేయడానికే రెక్కలను అలా వంచారు. అంటే ఇంజన్ బరువు విమానం ఆకారంలోనే ఇమిడి ఉంది. రెండు ఇంజన్లలో కలిపి వెయ్యి కిలోలకు పైగా తగ్గితే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

దీనికి దొరికిన ఉపాయం ముచ్చటైనది. జూమో పైతొడుగును అచ్చు పోసి, దాని కడుపులో సీజే610ను బిగించారు. తొడుగు బరువు తూకానికి సాయపడింది. మూత తెరిస్తే కంటికి కనిపించేదీ జూమోయే. దాదాపు నాలుగు మీటర్ల ఆ తొడుగులో అసలు ఇంజన్ ఆక్రమించేది సుమారు మూడోవంతు చోటే.

అదనపు థ్రస్ట్‌ను ఇష్టం వచ్చినట్లు వాడుకోవడానికీ వీల్లేదు. ఒక ఇంజన్ ఆగితే రెండోది ముక్కును పక్కకు లాగుతుంది. తోక చుక్కానిని 900 కిలోల థ్రస్ట్‌కు తగ్గట్టు చేశారు. రెక్కల వేగపరిమితి కూడా పాతదే.

ఇలా కొత్తగా చేసిన మొదటి విమానం 2002 డిసెంబరు 20న ఎగిరింది. మరుసటి నెల, రెండో ప్రయాణంలో దిగుతుండగా ప్రధాన చక్రాల్లో ఒకటి కుంగి విమానం దెబ్బతింది. పైలట్‌కు ఏమీ కాలేదు. బాగుచేశాక అది మళ్లీ ఎగిరింది. అదే వరుసలోని మరో విమానం మెసర్‌ష్మిట్ ఫౌండేషన్ చేతికి చేరి, జర్మనీలోని మాంచింగ్ స్థావరంగా, 2006 బెర్లిన్ వైమానిక ప్రదర్శనలో ఎగిరింది.