అడిగి తీసిన ముఖం

మేడారంలో జంపన్న వాగు ఒడ్డున నిలబడితే కెమెరా పట్టినవాళ్లకి ఎటు తిరిగినా ముఖాలే. పసుపు పూసుకున్న చెంపలు, తడి జుట్టు, నెత్తిన బెల్లం బుట్టలు. అక్కడ బెల్లమే బంగారం. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బంగారం తూచి సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. కొత్తగా కొన్న 85 ఎం.ఎం. లెన్స్ పట్టుకుని ముందు ఎక్కడికెళ్లాలి అనుకున్నప్పుడు, రెండేళ్లకోసారి వచ్చే ఈ జాతరకు మించిన చోటు తోచలేదు.

ఈ లెన్స్‌కి పోర్ట్రెయిట్ లెన్స్ అని పేరు రావడానికి మూలం దూరం. ఫోన్‌తో తల, భుజాలు ఫ్రేమ్ నిండా రావాలంటే మనిషి మీదమీదకి వెళ్లాలి. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. 85తో అదే ఫ్రేమ్‌కి మీటరున్నర ఎడం చాలు. ఇద్దరు నిలబడి మాట్లాడుకునే దూరమది. ఎపర్చర్ ఎఫ్/1.8కి తెరిస్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఆ దూరాన స్పష్టంగా వచ్చే మందం 3 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. కన్ను పదునుగా ఉంటుంది, చెవి కరిగిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ వెనకున్న జాతర మొత్తం చెరిగిపోతుంది. నేను ఎఫ్/4 దగ్గరే ఉండిపోయాను. ఆ ముఖం ఆ జనంలోది, అది కనబడాలి.

వాగులో స్నానం చేసే ఆడవాళ్లను పొడవాటి లెన్స్‌లతో దూరం నుంచి తీసేవాళ్లు అక్కడ కనబడతారు. అది దొంగతనమే. భక్తి అనీ సంస్కృతి అనీ కింద ఏం రాసినా మారదు.

తీసిన ముఖం ఆ మనిషికే చేరకపోవడం మరో సంగతి. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెకర్రీ ఒక అఫ్గాన్ బాలికను 105 ఎం.ఎం. లెన్స్‌తో తీశాడు. 1985 జూన్‌లో అది నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. ప్రపంచమంతా గుర్తుపట్టిన ఆ ముఖాన్ని, 2002లో పత్రికవాళ్లు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ బాలిక, షర్బత్ గుల, మాత్రం చూడలేదు. పదిహేడేళ్లు! ఫోటో ఎంత గొప్పదైనా ఆ లెక్క నాకు మింగుడుపడదు.

అందుకే అడుగుతాను. అడిగితే సహజత్వం పోతుందంటారు. మొదటి ఫోటోలో మనిషి బిగుసుకుపోయే మాట నిజమే. మాట సాగనిస్తే అదే సడలుతుంది.

మేడారంలో అమ్మవార్ల గద్దెలకు వెళ్లే దారిలో ఒక పెద్దావిడని, “అమ్మా, ఒక ఫోటో తియ్యనా?” అన్నాను.

“ఎందుకు బిడ్డా, పేపర్ల ఏస్తవా?”

“మీరు సరేనంటేనే.”

ఆమె కొంగు సర్దుకుంది, గడ్డం కొంచెం పైకెత్తింది. ఆ ఎత్తడంలో ఉన్న ధీమా, చాటుగా తీస్తే నాకు దొరికేది కాదు. రెండు మూడు తీశాక, పక్కనున్న మనవణ్ణి దగ్గరికి లాక్కుని, “గీ పిల్లగానితోని తియ్యి” అంది. తెరమీద అన్నీ చూపించాను. కొడుకు ఫోన్ నంబరు ఇప్పించి, మనవడితో ఉన్నదే పంపమంది, పేపర్లోనూ అదే వెయ్యమంది.

నాకు ఆమె ఒక్కతే ఉన్న ఫోటో ఎక్కువ ఇష్టం. పేపరుకి ఇచ్చింది మాత్రం ఆమె ఎంచినది.