సముద్రపు నాచు మీద మందుల వేట.. ల్యాప్‌టాప్ ఉంటే చాలు!

అత్వెల్లి, మేడ్చల్ చుట్టుపక్కల ఉండి బయోటెక్నాలజీయో, మైక్రోబయాలజీయో చదువుతున్నారా? శామీర్‌పేట వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ కంపెనీల బోర్డులు కనిపిస్తాయి. ‘అనుభవం లేనిదే లోపలికి ఎవరు రానిస్తారు? ల్యాబ్ లేనిదే అనుభవం ఎలా వస్తుంది?’ అనుకుంటున్నారా? ల్యాబ్ లేకుండానే మొదలుపెట్టగలిగే పని ఒకటుంది. సముద్ర బ్యాక్టీరియా జీనోముల్లో యాంటీబయాటిక్ జన్యువులను వెతకడం!

మట్టి నుంచి సముద్రానికి

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి సారథిగా ఉన్నప్పుడే లెడర్లీ సంస్థ నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని తయారుచేసేది మట్టిలోని ఓ సూక్ష్మజీవి. ఆ తర్వాతా చాలా యాంటీబయాటిక్స్ మట్టి నుంచే వచ్చాయి. ఇప్పుడు పాత మందులకు బ్యాక్టీరియా లొంగడం లేదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు ఇదే నేరుగా కారణమని అంచనా. అందుకే శాస్త్రవేత్తల చూపు సముద్రం మీదా పడింది.

సముద్రంలో నాచు, రాయి, పడవ అడుగు.. ఏది దొరికినా దాన్ని పట్టుకుని బతికే బ్యాక్టీరియా ఉంటాయి. అక్కడ చోటు తక్కువ, పోటీ ఎక్కువ. సీటు కోసం బస్సులో కర్చీఫ్ వేసినట్టు, ఇవి పక్కవాటిని రానివ్వకుండా రసాయనాలు వదులుతాయి. పచ్చ నాచు మీద కనిపించే సూడోఆల్టెరోమోనాస్ ట్యూనికాటా ఇలాంటిదే. ఇతర బ్యాక్టీరియాను చంపే ఓ ప్రొటీన్‌ను ఇది తయారుచేస్తుంది. దీని జీనోమ్ విశ్లేషణ 2008లో వెలువడింది.

జీనోమ్‌లో ఏముంటుంది?

బ్యాక్టీరియాలో ఒక యాంటీబయాటిక్ తయారీకి కావాల్సిన జన్యువులు సాధారణంగా ఒకేచోట గుంపుగా ఉంటాయి. వంటకు కావాల్సిన సరుకులన్నీ ఒకే అరలో పెట్టుకున్నట్టన్నమాట. సముద్రపు అడుగు మట్టిలో ఉండే సాలినిస్పోరా ట్రోపికా జీనోమ్ 2007లో బయటికొచ్చింది. అందులో ఇలాంటి గుంపులు 17 దొరికాయి. జీనోమ్‌లో దాదాపు పదో వంతు ఈ పనికే కేటాయించి ఉంది! ల్యాబ్‌లో పెంచినప్పుడు ఈ గుంపుల్లో చాలావరకు నిద్రపోతుంటాయి. కాబట్టి జీనోమ్ చదివితేనే వాటి ఉనికి తెలుస్తుంది.

మీరెలా మొదలుపెట్టాలి?

• ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో ఒక సముద్ర బ్యాక్టీరియా జీనోమ్‌ను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి.
• దాన్ని యాంటీస్మాష్ అనే ఉచిత టూల్‌కి ఇవ్వండి. జన్యు గుంపులు ఎక్కడున్నాయో, తెలిసినవాటితో ఎంత పోలిక ఉందో చూపిస్తుంది.
• అదే జాతికి చెందిన మరో నాలుగైదు జీనోములతో పోల్చండి. అన్నింటిలో ఉన్నదేది, ఒక్కదానిలోనే ఉన్నదేది? పట్టిక వేయండి.
• పైథాన్, లినక్స్ కొద్దికొద్దిగా నేర్చుకుంటూ ఇదే పనిని వంద జీనోములకు చేయండి. కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. యాంటీస్మాష్ చూపించేది వంటకం కాదు, సరుకుల అర మాత్రమే. పోలిక తక్కువ ఉందంటే కొత్త మందు దొరికినట్టు కాదు. బ్యాక్టీరియాను పెంచాలి, రసాయనాన్ని వేరుచేయాలి, అది మనిషికి హాని చేయదని తేలాలి. ఇంటర్వ్యూలో ‘కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టాను’ అంటే నవ్వుతారు. ‘ఈ గుంపును ముందు పరీక్షించాలి, కారణం ఇదీ’ అని చెప్పగలిగితే వింటారు.

తర్వాతి మెట్టు

ఈ రంగం మనకు దూరమేమీ కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీహెచ్ వెంకటరమణ, జేఎన్‌టీయూలో సీహెచ్ శశికళ బృందాలు ఎన్నో కొత్త బ్యాక్టీరియా జాతులను లోకానికి పరిచయం చేశాయి. సముద్రాన్ని అధ్యయనం చేసే ఎన్‌ఐఓకి విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎమ్మెస్సీ, ఎంటెక్‌కు గ్యాట్-బి, గేట్.. పరిశోధనకు సీఎస్‌ఐఆర్ నెట్, డీబీటీ బెట్ పరీక్షలున్నాయి.

ఇంజినీరింగ్ చదివి కోడింగ్‌లో పడినవాడిగా చెప్తున్నా: కోడ్ మాత్రమే వచ్చినవాళ్లు బోలెడు, బ్యాక్టీరియా మాత్రమే తెలిసినవాళ్లూ బోలెడు. రెండూ కాస్తకాస్త తెలిసినవాళ్లు తక్కువ. ఈ ఆదివారం ఒక్క జీనోమ్ డౌన్‌లోడ్ చేసి చూడండి. సెమిస్టర్ ముగిసేలోపు రెజ్యూమెలో రాసుకోవడానికి మీదంటూ ఒక ప్రాజెక్టు ఉంటుంది.