నడుము వంగనివానికి కోతపని

1937కు ముందే నాటి నెల్లూరు జిల్లా రైతులు ఒక వింతను గమనించిరి. దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి అడుగు వేయలేకపోయినవి. అదే బాధ మనుష్యులలోను కలదని వైద్యులు 1937లో ప్రకటించిరి. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి వెలువడిన తొలి నివేదికలలో అది ఒకటి. ఎద్దు మొరాయించిననాడే రైతుకు నష్టము తెలిసినది; కూలివాని నడుము బిగిసినపుడు అంత త్వరగా లెక్కించువారెవరు?

ఆ జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు 1970లో ప్రకాశం జిల్లాలో చేరినవి. ఇచ్చటి రాతిపొరలలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరుగును. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పెద్దల మెడ, వెన్ను, మోకాళ్ళు క్రమముగా బిగియును. బిగిసిన ఎముక మరల పూర్వస్థితికి రాదు. నీరు కాచినను ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయినకొలది చిక్కనగును.

ఈ మెట్ట పల్లెలనుండి మిరపకోతకు గుంటూరు సీమకు వలసపోవు కుటుంబములు కలవు. మిరపకోత, పత్తితీత రెండును వంగి చేయు పనులు. కిలోల లెక్కన కూలి ఇచ్చుచోట నడుము నొప్పి తూకములోనే కనబడును. మేస్త్రీ పొమ్మని చెప్పనక్కరలేదు, మరుసటి యేడు పిలువకున్న చాలును. పిదప మగవాడు కళ్ళము కాపలాకో, మేకల వెంటనో పోవును. స్త్రీ మిరప తొడిమలు తీయ కూర్చుండును. మోకాలు ముడువలేనిచో అదియు సాగదు. ఇట్లు పని చిన్నదగుచుండగా కూలియు తగ్గును, కాని ఇంటిలో ఎవరును దానిని వైకల్యమని పిలువరు.

ప్రభుత్వోద్యోగికి కొలువులో ఉండగా వైకల్యము వచ్చినచో తొలగింపరాదనియు, అదే జీతముపై వేరు పని చూపవలెననియు 2016 నాటి చట్టము చెప్పుచున్నది. దినకూలికి ఆ రక్ష లేదు. సదరం శిబిరములో నూటికి 40 పాళ్ళ వైకల్యము నిర్ధారింపబడిన అర్హులకు 2024 జూలైనుండి నెలకు 6000 రూపాయల పింఛను ఏర్పడినది. అయితే కోతకు పనికిరాకుండుటకు అంత వైకల్యము అక్కరలేదు. ఈ నడిమి కాలమున కుటుంబము అప్పుపై బ్రదుకును.

కావున మెడ త్రిప్పుటకు, గొంతుకూర్చుండుటకు కష్టమైననాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. బోరునీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయింపవచ్చును. ఈలోగా ఎదుగు పిల్లల పండ్లు చూడుడు. సుద్దవలె తెల్లని చారలు గాని, గోధుమవన్నె మచ్చలు గాని ఉన్నచో ఆ యింటి త్రాగునీటిని ముందుగా పంపవలెను.