పది రాళ్ళు, ఆపైన 548 మీటర్ల 75 సెంటీమీటర్లు

రద్దయిన పరుగు పందెం మీద ముఖచిత్ర కథనం కావాలని, గురువారం సాయంత్రానికల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్ళాలని ఎడిటర్ గారు చెప్పారు. అప్పటికి నా దగ్గరున్న కాగితం ఒక్కటే: నేను పేరిచ్చుకున్న హాఫ్ మారథాన్ నిర్వాహకులు పంపిన నాలుగు లైన్ల సందేశం. తుపాను హెచ్చరిక వల్ల పోటీ రద్దు చేశామన్నారు. మెడల్, టీషర్టు ఇంటికి పంపుతామన్నారు. ఆఖరి లైను మాత్రం నన్ను వదల్లేదు. ‘మీరున్న చోటే 21.1 కిలోమీటర్లు పరుగెత్తి, ఫోన్‌లో పడిన లెక్క పంపితే సర్టిఫికెట్ ఇస్తాం.’

ఫోన్‌లో పడిన లెక్క. బండి మీద తిరిగినా ఫోనులో కిలోమీటర్లు పడతాయి. చెట్ల కింద, మలుపుల్లో సిగ్నల్ అటూ ఇటూ ఊగితే, ఆ ఊగిసలాటంతా దూరంలో కలిసిపోతుంది. అందరితో కలిసి పరుగెత్తేటప్పుడు దారి కొలిచే పని ఇంకొకరిది. ఒంటరిగా పరుగెత్తేవాడికి ఆ పనీ తనదే. అందుకే ఈ కథనంలో పరుగు కంటే కొలత ఎక్కువ చోటు తీసుకుంటుంది.

చరిత్ర క్లుప్తంగా. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియం దాకా పరుగెత్తిన 42.195 కిలోమీటర్లే 1921లో మారథాన్ దూరంగా ఖాయమైంది. అందులో సగం 21.0975. 2012లో శాండీ తుపాను దెబ్బకు న్యూయార్క్ మారథాన్‌ను రెండు రోజుల ముందు రద్దు చేస్తే, ఆ ఆదివారం వేలమంది సెంట్రల్ పార్కుకు వచ్చి తమంతట తాము పరుగెత్తారు. 2020లో కరోనా వల్ల బోస్టన్ మారథాన్ ముందు వాయిదా పడి, తర్వాత రద్దయింది. సెప్టెంబర్ 14 లోపు ఎవరి ఊళ్ళో వాళ్ళు ఆరు గంటల్లో పూర్తి చేసి రుజువు పంపమన్నారు. ఆ ఏడాది వేసవిలో మా వైపున్న నరసరావుపేట అప్పటి గుంటూరు జిల్లాలోకెల్లా కేసులు ఎక్కువున్న చోట్లలో ఒకటి. గడప దాటడమే గగనమైన రోజులవి.

ఇక కొలత. రహదారి పోటీల దూరం కొలవడానికి ప్రపంచమంతా నేటికీ వాడేది సైకిలే. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న లెక్కయంత్రం బిగిస్తారు. స్టీలు టేపుతో కచ్చితంగా కొలిచిన దారి ముక్క మీద సైకిల్ నడిపి, ఎన్ని అంకెలకు ఎన్ని మీటర్లో చూసుకుంటారు. ఆ తర్వాతే దారి మీదికి వెళ్తారు. ఎండకు టైరులో గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి పని అయ్యాక మళ్ళీ సరిచూస్తారు. వచ్చిన దూరానికి వెయ్యోవంతు కలుపుతారు. హాఫ్ మారథాన్‌కైతే అది 21 మీటర్లు. ఎంత పొరపాటు జరిగినా దూరం తగ్గకూడదన్నది అక్కడి నియమం. నాకు ఈ నియమం మీద గొప్ప గౌరవం.

జోన్స్ కౌంటర్ నాకెక్కడ దొరుకుతుంది? మాచర్లలో ఒక సైకిల్ షాపాయన పాత సైకిల్ అద్దెకిచ్చాడు. చక్రం మీద సుద్దముక్కతో గీత పెట్టి, నేను పైన కూర్చుని పది చుట్లు తిప్పి టేపు పట్టాం. 22 మీటర్ల 10 సెంటీమీటర్లు వచ్చింది. అంటే చుట్టుకు 2.21 మీటర్లు. మనిషి ఎక్కితే టైరు అణుగుతుంది, కొలత మారుతుంది. అందుకే దిగి కొలవలేదు. స్పోకుకు ఎర్రగుడ్డ పేలిక కట్టాం. అది పైకి వచ్చినప్పుడల్లా ఒకటి.

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వైపు పోయేది 565వ నంబరు జాతీయ రహదారి. జాతీయ రహదారి గనక కిలోమీటరు రాళ్ళకు పసుపు తల. మధ్యలో 200 మీటర్లకొకటి చిన్న రాళ్ళు. వాటిలో కొన్ని తుప్పల్లో మునిగిపోయాయి, కొన్ని అసలు లేవు. రెండు పెద్ద రాళ్ళ మధ్య 452న్నర చుట్లు రావాలి. 454 వచ్చాయి. మూడు మీటర్లు ఎక్కువే గానీ తక్కువ కాదు. ఆ రాళ్ళను నమ్మాను. వాటిని పాతిన కూలీల పేర్లు ఏ దస్త్రంలోనూ ఉండవు. వాళ్ళ పని మాత్రం ఇంకా నిలబడి ఉంది.

వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి ఒకవైపు 10 కిలోమీటర్ల 548.75 మీటర్లు. పది రాళ్ళు. రెండు చిన్న రాళ్ళు. మిగిలిన 148.75 మీటర్లకు 67 చుట్లు, ఆపైన మూరన్నర. వెయ్యోవంతు కోసం ఇంకో ఐదు చుట్లు వేసి, అక్కడ పిడుగురాళ్ళ సున్నంతో గీత గీశాను. మొత్తం దారిని సైకిల్‌తో కొలిస్తేనే అసలైన లెక్క. ఒక్క మనిషికి సాధ్యమైనంతలో ఇదీ నిజాయితీ గల దూరమే.

తెల్లవారుజామున ఐదుకు ముందే బయల్దేరాను. మా బావమరిది బండి మీద వెనకే వచ్చాడు. సంచిలో మజ్జిగ, ఓఆర్‌ఎస్ నీళ్ళు. “దాహమేసేదాకా ఆగమాక బావా, రాయి రాయికీ గుక్కెడు తాగు” అన్నాడు. పెద్ద పోటీలో నీళ్ళ బల్లలు, అంబులెన్సు, ట్రాఫిక్ పోలీసు, వేగం పట్టి నడిపించే పేసర్లు చేసే పనంతా ఆ ఒక్కడే చేశాడు. కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనబడేలా పరుగెత్తాను. నాపరాళ్ళ లారీ పోతే ఆ గాలికి అడుగు తడబడుతుంది. ఏడో రాయి దగ్గర గేదెల్ని తోలుకొస్తున్న ముసలాయన పలకరించాడు.

“ఏందయ్యా, ఇంట్లో ఏమన్నా జరిగిందా? అట్టా పరిగెత్తతన్నావు?”

“ఏం లేదు తాతా, పందెం.”

“ఎవుడితో?”

ఆగి చెప్పబోతే కాళ్ళు పట్టేస్తాయని చెయ్యి ఊపి సాగిపోయాను. బావమరిది మాత్రం బండి ఆపి ఆయనకు మొత్తం కథ చెప్పాడు. తిరుగుదారిలో ఆయన అదే రాయి మీద కూర్చుని ఉన్నాడు. “ఇంకా ఏడే!” అని గట్టిగా అరిచాడు. నేనింతవరకు ఏ పోటీలోనూ అంత కచ్చితమైన ప్రోత్సాహం వినలేదు.

బయల్దేరిన రాయికి చేరేసరికి ఫోను 21.4 కిలోమీటర్లు చూపించింది. అది 21.1 అన్నప్పుడే ఆగి ఉంటే సర్టిఫికెట్ వచ్చేది, దూరం మాత్రం దాదాపు 300 మీటర్లు తగ్గేది. నేను ఫోన్ లెక్క పంపలేదు. చుట్ల లెక్క రాసుకున్న కాగితాన్ని ఫొటో తీసి పంపాను.

పేజీలో మిగిలిన చోట

రెంటచింతల ఎండ: రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతలు చెప్పేటప్పుడు తరచూ వినబడే పేరు పల్నాడులోని రెంటచింతలదే. మార్చి తర్వాత ఇక్కడ దూరపు పరుగు పెట్టుకోవద్దు. తప్పదంటే సూర్యోదయానికే ముగించాలి. తల తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలుతున్నా వెంటనే ఆపి నీడకు చేరండి. తోడు లేకుండా ఎవరూ బయల్దేరవద్దు.

ఢిల్లీలో మనవాడు: కరోనా వల్ల 2020 నవంబర్ 29న ఢిల్లీ హాఫ్ మారథాన్‌లో అగ్రశ్రేణి క్రీడాకారులనే రోడ్డు మీదికి అనుమతించారు. అవినాశ్ సాబ్లే గంటా 30 సెకన్లలో జాతీయ రికార్డు పెట్టిన ఆ పందెంలో, భారతీయుల్లో రెండోవాడు మన ఆంధ్ర కుర్రాడు బుగత శ్రీను. మిగతా వేలమంది యాప్ పట్టుకుని ఎవరి వీధిలో వాళ్ళు పరుగెత్తారు.

1600 మీటర్ల పిల్లలు: పోలీసు, సైన్యం ఉద్యోగాల కోసం తెల్లారకముందే మైదానాల్లో చెమటోడ్చే కుర్రాళ్ళది 1600 మీటర్ల లెక్క. సైన్యంలో అగ్నివీర్ ఎంపికలో మొదటి గ్రూపుకు 5 నిమిషాల 30 సెకన్లు. హాఫ్ మారథాన్ దానికి పదమూడింతలకు పైనే. వాళ్ళు సాధన చేసే మైదానం చుట్టును కూడా ఎవరైనా ఒకసారి టేపు పట్టి కొలిచి, గోడ మీద రాసిపెడితే బాగుంటుంది.