టీఎస్‌హెచ్‌ ఒక్కటే చూస్తే చాలదు

విశాఖ ఎండాకాలపు ఉక్కపోతకు చెమట పట్టనివారుండరు. ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవారి సంగతి సరేసరి. అందుకే థైరాయిడ్‌ అతిగా పనిచేసేటప్పుడు వచ్చే చెమటను, గుండెదడను, నీరసాన్ని చాలామంది ఎండ మీదకో డ్యూటీ మీదకో నెట్టేస్తారు. తిండి బాగానే తింటున్నా బరువు తగ్గి, చేతులు వణికితే గానీ రక్తపరీక్ష దాకా రారు. కేజీహెచ్‌ ఆసుపత్రి చుట్టుపక్కల ల్యాబులకు కొదవలేదు. చిక్కల్లా చేతికొచ్చిన రిపోర్టు చదవడంలోనే.

టీ3, టీ4 థైరాయిడ్‌ తయారుచేసే హార్మోన్లు. టీఎస్‌హెచ్‌ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిది. థైరాయిడ్‌ను పనిచేయించేది అదే. రక్తంలో టీ3, టీ4 పెరిగితే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను దాదాపు ఆపేస్తుంది. మామూలుగా 0.4 నుంచి 4 మధ్య ఉండే టీఎస్‌హెచ్‌, థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే గ్రేవ్స్‌ జబ్బులో 0.01 కన్నా దిగువకు పోవచ్చు.

దీనికి ఇచ్చే కార్బిమజోల్‌ మాత్రలు మొదలుపెట్టాక అసలు గందరగోళం వస్తుంది. ఈ మందు కొత్త హార్మోను తయారీని అడ్డుకుంటుందే గానీ గ్రంథిలో ముందే పోగైనదాన్ని ఏమీ చేయదు. పైగా రక్తంలోని టీ4 సగానికి తగ్గడానికే రోజులు పడుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తారు. అప్పటికి ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) దారికొచ్చినా టీఎస్‌హెచ్‌ 0.01 దగ్గరే ఉండిపోవచ్చు. అంతమాత్రాన మందు పనిచేయనట్టు కాదు. అన్నాళ్లు అణగి ఉన్న పిట్యూటరీ తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ దశలో చూడాల్సింది ఫ్రీ టీ4, టీ3లనే. టీ4 బాగున్నా టీ3 ఇంకా ఎక్కువుంటే జబ్బు అదుపులోకి రానట్టే. టీ4 హద్దుకన్నా కిందకు దిగిందీ, టీఎస్‌హెచ్‌ మాత్రం ఇంకా లేవలేదనుకోండి: ఆ ఒక్క అంకెను నమ్మి డోసు పెంచితే మనిషి రెండో ఒడ్డుకు, అంటే థైరాయిడ్‌ మందగించే హైపోథైరాయిడ్‌కు చేరతాడు.

ల్యాబు మారిస్తే ఇంకో తికమక. ఒకచోట ఫ్రీ టీ4 నానోగ్రాముల లెక్కలో 1.5 అని ఉంటుంది, మరోచోట పికోమోల్‌లలో 19 అని. రెండూ ఒకటే! వీలైనంతవరకు ఒకే ల్యాబులో, ఒకే వేళకు రక్తం ఇవ్వడం మేలు. టీఎస్‌హెచ్‌ రాత్రిపూట పెరుగుతుంది కాబట్టి, అది మామూలు స్థాయికి వచ్చాక నైట్‌ షిఫ్టు దిగి నేరుగా వెళ్లి ఇచ్చిన రక్తంలో కాస్త తేడా కనిపించవచ్చు.

జుట్టు రాలుతోందని వాడే బయోటిన్‌ మాత్రలది మరీ చోద్యం. కొన్ని పరీక్ష పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. లేని జబ్బు కాగితం మీద పుడుతుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే మానేసి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

థైరాయిడ్‌ రిపోర్టులో కనబడని ప్రమాదం మరొకటుంది. కార్బిమజోల్‌ అరుదుగా తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించేస్తుంది, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. జ్వరం, గొంతునొప్పి వస్తే థైరాయిడ్‌ అంకెలు పక్కనపెట్టి, మాత్ర ఆపి, ఆ రోజే డాక్టరును కలిసి రక్తకణాల లెక్క చేయించుకోవాలి.