అంతర్జాల సమాచారం – నిర్ధారణ విధానం
(ప్రత్యేక వ్యాసం)

పిల్లలను ఎత్తుకుపోయే ముఠాకు చెందిన వ్యక్తి అన్న అనుమానంతో 2018 మే నెలాఖరున హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. అదే సంవత్సరం జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో ఇదే అనుమానానికి ఐదుగురు బలయ్యారు. ఆ నెలల్లో పిల్లల అపహరణకు సంబంధించిన వదంతులు సెల్‌ఫోన్ల ద్వారా పలు రాష్ట్రాలలో విస్తృతంగా వ్యాపించిన విషయం విదితమే.

ఆనాడు ప్రచారమైన ఒక వీడియోలో మోటారు సైకిల్‌పై వచ్చిన ఇద్దరు వ్యక్తులు వీధిలోని బాలుని ఎత్తుకుపోవడం కనిపిస్తుంది. వాస్తవానికి అది పిల్లల భద్రతపై అవగాహన కల్పించేందుకు పాకిస్తాన్‌లోని కరాచీకి చెందిన రోష్నీ హెల్ప్‌లైన్ సంస్థ కోసం రూపొందించిన లఘుచిత్రం. అసలు చిత్రం చివరలో బాలుని తిరిగి దింపి, హెచ్చరిక సందేశాన్ని చూపుతారు. ఆ భాగాన్ని తొలగించి, మిగిలిన దృశ్యాన్ని నిజమైన అపహరణగా ప్రచారం చేశారు.

ఇందులో దృశ్యం వదంతి కోసం కొత్తగా సృష్టించబడలేదు. దాని స్థలం, సందర్భం, ముగింపు మాత్రమే తొలగించబడ్డాయి. అందువలన "ఇది నిజమా, అబద్ధమా" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. "దీనిని మొట్టమొదట ఎవరు, ఎక్కడ, ఎప్పుడు విడుదల చేశారు" అన్న ప్రశ్నతో పరిశీలన ప్రారంభం కావాలి.

ప్రభుత్వ ఉత్తర్వుల పరిశీలన

ఈ సూత్రం పత్రాలకు కూడా వర్తిస్తుంది. తెలంగాణలో మరల లాక్‌డౌన్ విధిస్తున్నట్లు 2021 ఏప్రిల్ తొలి రోజులలో ఒక జి.ఓ. ప్రచారంలోకి వచ్చింది. అది నకిలీదని ప్రభుత్వం స్పష్టం చేసింది. 2020 నాటి ఉత్తర్వును దింపుకొని, అందులో మార్పులు చేసి దానిని తయారు చేసినట్లు పోలీసు దర్యాప్తులో వెల్లడయింది. అసలు ఉత్తర్వు నమూనా ఉండటం వలననే చూపరులు దానిని నమ్మారు.

జి.ఓ. సంఖ్యను మాత్రమే చూసి ఉత్తర్వును నిర్ధారించరాదు. సంఖ్యలు శాఖలవారీగా, సంవత్సరంవారీగా ఇవ్వబడతాయి. కావున ఎం.ఎస్. లేదా ఆర్.టి. అన్న వర్గం, సంఖ్య, శాఖ, తేదీ ఈ నాలుగింటినీ కలిపి చూడాలి. ఉత్తర్వు పైభాగంలో పేర్కొన్న పూర్వపు ఉత్తర్వులు, లేఖల తేదీలు విషయంతో పొసగుతున్నదీ లేనిదీ గమనించాలి. ఆ తేదీన ఆ హోదాలో సంతకం చేసిన అధికారి ఉన్నదీ లేనిదీ సరిచూడాలి. డిజిటల్ సంతకం గల పత్రమైతే మూల ఫైలును తెప్పించుకొని సంతకాన్ని తనిఖీ చేయాలి. తెర ఛాయాచిత్రంలో సంతకం కనిపించినా దానిని తనిఖీ చేయడం సాధ్యం కాదు.

వెబ్‌సైటు చిరునామాలో మొదటి గీత కంటే ముందున్న భాగపు చివరి పదాలు ముఖ్యమైనవి. అవి గవ్.ఇన్ లేదా ఎన్ఐసి.ఇన్ అయితే ప్రభుత్వానికి కేటాయించినవని భావించవచ్చు. మధ్యలో ఎక్కడో "గవ్" అని ఉండి, చివర డాట్ కామ్ ఉన్నచో అది ప్రభుత్వ చిరునామా కాదు.

చిత్రాలు, వీడియోలు

గూగుల్ లెన్స్, టిన్‌ఐ వంటి సాధనాల ద్వారా ఒక చిత్రం గతంలో ఎక్కడ ప్రచురితమైనదో వెతకవచ్చు. వీడియో నుండి రెండు మూడు దృశ్యాలను విడిగా తీసి ఇదే విధంగా పరిశీలించవచ్చు. అంతర్జాలంలో ఉంచిన తేదీ, చిత్రీకరించిన తేదీ ఒకటి కానక్కరలేదు. దుకాణాల బోర్డులు, వాహనాల సంఖ్యా ఫలకాలు, మాట్లాడే భాష ప్రాంతాన్ని పట్టి ఇస్తాయి. కృత్రిమ మేధతో సృష్టించిన చిత్రానికి పూర్వ ప్రతి దొరకకపోవచ్చు. అట్టి సందర్భాలలో ఆ ప్రాంతపు అధికారులను, ప్రత్యక్ష సాక్షులను సంప్రదించడమే మార్గం.

ఒక వార్త పది చోట్ల కనిపించినంత మాత్రాన దానికి పది ఆధారాలున్నట్లు కాదు. ఆ పదీ ఒకే సందేశాన్ని అనుసరించి ఉంటే ఆధారం ఒక్కటే అవుతుంది.

గద్వాల అనుభవం

2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో వదంతులకు భయపడి ప్రజలు పొద్దుగూకకముందే తలుపులు మూసుకుంటున్నట్లు గ్రామాలకు వెళ్లిన పోలీసులు గమనించారు. అప్పటి ఎస్.పి. రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో సుమారు 400 గ్రామాలలో అవగాహన కార్యక్రమం చేపట్టారు. గ్రామానికొక పోలీసును కేటాయించారు. స్థానిక వాట్సాప్ బృందాలలో పోలీసులు సభ్యులుగా చేరారు. డప్పు చాటింపు, జానపద గీతాల ద్వారా వాస్తవాలను వివరించారు. వదంతి చేరిన గ్రామాలకు, తెలిసిన మనిషి నోట వివరణ కూడా చేరింది.

వాట్సాప్ సంస్థ 2018 జూలైలో భారతదేశంలో సందేశాలను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి విధించింది. పదేపదే చేతులు మారిన సందేశాలకు 2020 ఏప్రిల్‌లో ఆ పరిమితిని ఒక్క చాట్‌కు తగ్గించింది. ఇవి వ్యాప్తి వేగాన్ని తగ్గించగలవే గాని, సత్యాసత్యాలను తేల్చలేవు.

ఆ బాధ్యత పాత్రికేయులపై, అధికారులపై ఉన్నది. "ఇది నకిలీ" అని మాత్రమే ప్రకటించడం కంటే, అసలు పత్రం ఏది, అందులో ఏది మార్చబడింది అన్నది తేదీలతో సహా తెలుపడం ప్రయోజనకరం. నిర్ధారణ కాని వార్తను గంటసేపు నిలిపివేయడం వలన కలిగే నష్టం స్వల్పం. చాంద్రాయణగుట్టలో, రైన్‌పాడాలో జరిగిన నష్టాన్ని ఏ వివరణా పూడ్చలేదు.