విమాన ప్రయాణంలో సూర్యాస్తమయం

మొరాకోలోని కాసాబ్లాంకా విమానాశ్రయానికీ అమెరికాలోని న్యూయార్క్ కెనడీ విమానాశ్రయానికీ మధ్య అట్లాంటిక్ మహాసముద్రం ఉంది. వాటి మధ్య అతి చేరువ దూరం సుమారు 5,800 కిలోమీటర్లు. రమజాన్ మాసంలో ఈ మార్గాన వెళ్ళే ముస్లింకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇఫ్తార్ ఏ వేళకు చేయాలి?

మొదట దూరం సంగతి చూద్దాం. పటంలో గీసిన సరళరేఖ భూగోళంపై అతి చేరువ మార్గం కాదు. గోళంపై అతి చేరువ దారి మహావృత్తపు చాపం. కనుక కాసాబ్లాంకా నుండి బయలుదేరే విమానానికి దగ్గరి దారి వాయవ్యంగా సాగి, న్యూయార్క్ కంటే కొంత ఉత్తరానికి వెళ్ళి, తర్వాత దక్షిణానికి వంగుతుంది. ఖిబ్లా దిశకు ఆధారమైన గణితం కూడా ఇదే. మక్కా న్యూయార్క్ కంటే ఎంతో దక్షిణాన ఉన్నా, ఈ లెక్క ప్రకారం అక్కడి ఖిబ్లా ఈశాన్య దిశలో ఉంటుంది. అల్ బీరూనీ క్రీ.శ. 1025లో ముగించిన గ్రంథంలో గజ్నీ పట్టణపు ఖిబ్లాను నిర్ణయించడానికి గోళ గణితాన్నే ఆశ్రయించాడు.

ఇక కాలం. పడమటికి వెళ్ళే విమానానికి సుమారు 8 గంటలు, తూర్పుకు తిరిగి వచ్చేదానికి సుమారు 7 గంటలు పడుతుంది. ఆకాశంలో పడమటి నుండి తూర్పుకు బలంగా వీచే గాలులే ఈ తేడాకు ముఖ్యకారణం.

రెండు నగరాల మధ్య రేఖాంశాల తేడా సుమారు 66 డిగ్రీలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక సూర్యుని లెక్కన వాటి మధ్య తేడా దాదాపు 4 గంటల 25 నిమిషాలు. కాసాబ్లాంకాలో మిట్టమధ్యాహ్నం బయలుదేరినవాడు 8 గంటల తర్వాత దిగేసరికి న్యూయార్క్‌లో సూర్యుని లెక్కన మధ్యాహ్నం మూడున్నర దాటి ఉంటుంది. అప్పటికి కాసాబ్లాంకాలో ప్రొద్దు క్రుంకే ఉంటుంది. స్వస్థలపు గడియారాన్ని నమ్మితే పట్టపగలే రోజా విరమించినట్లవుతుంది. తిరుగు ప్రయాణంలో పగలు అంతే కురచ అవుతుంది.

ఎత్తు వల్ల మరొక భేదం ఏర్పడుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తున క్షితిజం మూడు డిగ్రీలకు పైగా క్రిందికి దిగుతుంది. కనుక నేలపై ఉన్నవారికి అస్తమించిన సూర్యుడు విమానంలోని వారికి ఇంకా పది నిమిషాలకు పైగా కనిపిస్తాడు. అల్ బీరూనీ నందనా కోట వద్ద కొండపై నుండి కొలిచి, భూవ్యాసార్ధాన్ని లెక్కగట్టింది ఈ క్షితిజపు వాలుతోనే.

కాబట్టి ప్రయాణీకుడు తానున్న చోట సూర్యుడు అస్తమించిన పిమ్మటే రోజా విరమించాలని సమకాలీన ధర్మవేత్తలు అనేకులు తీర్పు చెప్పారు. క్రింద ఉన్న పట్టణపు వేళ గానీ, బయలుదేరిన ఊరి వేళ గానీ ప్రమాణం కాదు.

పగలు ఇలా పెరగడం భారమనుకునేవారికి షరీఅత్ ద్వారం మూయలేదు. అల్ బఖరా సూరా 185వ ఆయతు ప్రయాణీకునికి రోజా మాని, తర్వాత ఆ లెక్క పూర్తిచేసుకునే వెసులుబాటు ఇచ్చింది. అయితే ఇంటివద్ద రోజాతో తెల్లవారాక బయలుదేరినవాడు ఆనాటి రోజాను పూర్తిచేయాలని హనఫీలతో సహా అధికసంఖ్యాక ధర్మశాస్త్రజ్ఞుల అభిప్రాయం; హంబలీలు విరమణకు అనుమతించారు. టిక్కెట్టు కొనేనాడే ఈ లెక్క చూసుకొనుట వివేకం.

అల్లాహ్‌యే సర్వం తెలిసినవాడు.